భాగం – 9 : మోసాసారస్ – శిలాజం నుంచి జీవి వరకు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మాస్ట్రిక్ట్ గనుల్లో దొరికిన దవడ
9.3 మొసలా, తిమింగలమా, బల్లా?
9.4 వర్గీకరణ స్థానం
9.5 శరీర నిర్మాణం
9.6 పరిమాణాన్ని అంచనా వేయడం
9.7 జీవన విధానం
9.8 విలుప్తం
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.12 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

• మోసాసారస్ శిలాజం ఎక్కడ, ఎలా బయటపడిందో చెప్పగలుగుతారు.
• ఒక జీవిజాతి పూర్తిగా అంతరించిపోగలదన్న భావన స్థిరపడటంలో ఈ శిలాజం పాత్రను వివరించగలుగుతారు.
• మోసాసారస్ వర్గీకరణ స్థానాన్ని, శరీర నిర్మాణంలోని ముఖ్య లక్షణాలను వర్ణించగలుగుతారు.
• శిలాజం నుంచి నేరుగా తెలిసిన విషయాన్ని, బంధువుల ఆధారంగా ఊహించిన విషయాన్ని వేరుచేసి చూపగలుగుతారు.

9.1 పరిచయం

2015లో విడుదలైన 'జురాసిక్ వరల్డ్' సినిమా చూసినవారికి ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. కొలనులోంచి ఒక బ్రహ్మాండమైన జంతువు పైకి లేచి, వేలాడదీసిన సొరచేపను ఒక్క నోట పట్టి మింగేస్తుంది. ఆ జంతువే మోసాసారస్. సినిమా చూసి చాలామంది దాని గురించి మూడు విషయాలు నమ్ముతారు: అది డైనోసార్ అని, జురాసిక్ కాలంలో జీవించిందని, తిమింగలాలను మించిన పరిమాణం కలదని. ఈ మూడూ సరికావు. మోసాసారస్ డైనోసార్ కాదు. అది ఉడుములకు, పాములకు బంధువైన సరీసృపం. జీవించింది జురాసిక్ కాలంలో కాదు, ఆ తరవాతి క్రెటేషియస్ కాలం చివరి భాగంలో, అంటే సుమారు 8.2 కోట్ల సంవత్సరాల నుంచి 6.6 కోట్ల సంవత్సరాల క్రితం వరకు. పరిమాణం సంగతి 9.6లో లెక్క వేసి చూద్దాం.

అయితే ఈ భాగం ఉద్దేశం ఒక సినిమాలోని తప్పులు పట్టడం కాదు. మనం ఎవరమూ బతికున్న మోసాసారస్‌ను చూడలేదు. మన చేతిలో ఉన్నవి కొన్ని ఎముకలు, దంతాలు మాత్రమే. వాటిని పట్టుకొని అది ఎలా ఈదిందో, ఏమి తిన్నదో, ఎందుకు అంతరించిందో ఎలా చెప్పగలుగుతున్నాం? ఎంతవరకు చెప్పవచ్చు? ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్నలకు జవాబు తెలిస్తే పురాజీవశాస్త్రం పనిచేసే తీరు మీకు అర్థమవుతుంది. ఆ దృష్టితోనే ఈ భాగాన్ని చదవండి.

9.2 మాస్ట్రిక్ట్ గనుల్లో దొరికిన దవడ

నెదర్లాండ్స్ దేశపు దక్షిణ కొసన మాస్ట్రిక్ట్ నగరం ఉంది. దాని పక్కనే మ్యూజ్ నది, నది ఒడ్డున సెయింట్ పీటర్ కొండ ఉన్నాయి. ఈ కొండలోని సున్నపురాయి రంపంతో కోయగలిగేంత మెత్తనిది. శతాబ్దాల పాటు జనం ఇళ్ళు కట్టుకోవడానికి దీన్ని దిమ్మెలుగా కోసి తీశారు. అందువల్ల కొండ లోపల సొరంగాలు ఏర్పడ్డాయి. ఆ రాయి నిజానికి క్రెటేషియస్ కాలపు సముద్రం అడుగున పేరుకున్న అవక్షేపం. అందులో గవ్వలు, సముద్రపు ముళ్ళకాయలు, తాబేళ్ళ చిప్పలు తరచుగా కనిపించేవి.

1760ల మధ్యలో ఈ గనుల్లో ఒక పెద్ద పుర్రె భాగాలు దొరికాయి. వాటిని 1784లో హార్లెమ్ నగరంలోని టేలర్స్ మ్యూజియం కోసం వాన్ మారుమ్ అనే శాస్త్రజ్ఞుడు కొన్నారు. ఆయన 1790లో వాటిని వర్ణిస్తూ, ఇది తిమింగలం జాతికి చెందిన జంతువు అని రాశారు.

అంతకంటె ప్రసిద్ధమైన రెండో పుర్రె 1780 ప్రాంతంలో బయటపడింది. మీటరుకు పైగా పొడవున్న దవడలు, వాటిలో వరసగా కోసుగా ఉన్న దంతాలు చూసినవారిని ఆశ్చర్యపరిచాయి. ఈ శిలాజం గోడింగ్ అనే క్రైస్తవ మతాధికారి వద్ద ఉండేది. ఆ ఊళ్ళోనే హాఫ్మన్ అనే సైనిక వైద్యుడు శిలాజాలు సేకరించేవారు. ఈ జంతువు గురించి ఐరోపాలోని పండితులకు ఉత్తరాలు రాసి, వారి దృష్టిని మాస్ట్రిక్ట్ వైపు మళ్ళించినది ఆయనే.

1794లో ఫ్రెంచి విప్లవ సేనలు మాస్ట్రిక్ట్‌ను ఆక్రమించాయి. పుర్రె వారి వశమై పారిస్ చేరింది. ఇప్పటికీ అది పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలోనే ఉంది. ఈ సంఘటన మీద ఒక కథ ప్రచారంలో ఉంది. పుర్రెను మొదట హాఫ్మన్ తవ్వించాడని, గోడింగ్ దావా వేసి దాన్ని లాక్కున్నాడని, దాచిపెట్టిన పుర్రెను తెచ్చినవారికి ఫ్రెంచివారు 600 సీసాల ద్రాక్షసారాయి బహుమానం ప్రకటించారని ఆ కథ చెబుతుంది. దీన్ని ఫ్రెంచి భూవిజ్ఞాని ఫోజా 1799లో వెలువరించిన తన గ్రంథంలో రాశారు. తరవాతి కాలంలో చరిత్రకారులు పాత పత్రాలను వెతికితే ఈ దావాకు గాని, సీసాలకు గాని ఆధారం దొరకలేదు. శిలాజాలకు ఎంత జాగ్రత్త అవసరమో, శిలాజాల గురించి చెప్పే కథలకూ అంతే జాగ్రత్త అవసరమని దీన్నిబట్టి గ్రహించాలి.

9.3 మొసలా, తిమింగలమా, బల్లా?

ఈ జంతువు ఏది? దీనికి ముగ్గురు మూడు రకాల జవాబులు చెప్పారు.

మొసలి: హాఫ్మన్ అభిప్రాయం ఇది. ఫోజా కూడా 1799లో దీన్నే సమర్థించారు. పొడవైన దవడలు, కోసుగా ఉన్న దంతాలు చూస్తే ఎవరికైనా మొదట మొసలే గుర్తుకు వస్తుంది.

తిమింగలం: డచ్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు పీటర్ కాంపర్ 1786లో మొసలి వాదాన్ని ఖండించారు. మొసలి పుర్రె ఎముకల ఉపరితలం గుంటలు గుంటలుగా గరుకుగా ఉంటుంది. ఈ జంతువు ఎముకలు నున్నగా ఉన్నాయి. మొసలి దంతాలు లోపల బోలుగా ఉంటాయి; వీటి మూలాలు గట్టిగా ఉన్నాయి. పైగా ఇవి దొరికింది సముద్ర అవక్షేపాల్లో. కాబట్టి ఇది దంతాలున్న ఒక తిమింగలం అయి ఉంటుందని ఆయన నిర్ణయించారు. ఆయన పరిశీలన సరైనదే. మొసలి కాదన్నది రుజువైంది. కాని 'మొసలి కాకపోతే తిమింగలమే' అనుకోవడం వల్ల ముగింపు తప్పింది.

బల్లి: పీటర్ కాంపర్ కుమారుడు ఆడ్రియన్ కాంపర్ అవే ఎముకలను మళ్ళీ పరిశీలించారు. అంగిలి మీద కూడా దంతాలుండటం, దవడ ఎముకల అమరిక, వెన్నుపూసల ఆకారం గమనించి, ఇది ఉడుములకు దగ్గరి జంతువని 1799లో నిర్ధారణకు వచ్చారు. తండ్రి ముగింపును కొడుకు ఆధారాలతో సవరించాడన్నమాట. ఆయన ఈ విషయాన్ని ఫ్రాన్స్‌లోని కువియర్‌కు తెలియజేశారు. 1808లో కువియర్ ఈ నిర్ణయాన్ని ధ్రువపరిచి, ఈ జంతువును ఉడుములకూ ఇగ్వానాలకూ మధ్య ఉంచవచ్చని చెప్పారు.

ఈ నిర్ణయానికి ఎందుకంత ప్రాముఖ్యం? ఆనాటి ఐరోపాలో చాలామంది జీవజాతులు పూర్తిగా నశించవని నమ్మేవారు. ఎవరికీ తెలియని జంతువు ఎముకలు దొరికితే, ఆ జంతువు లోకంలో ఇంకెక్కడో బతికే ఉంటుందనేవారు. కువియర్ 1796లోనే ఏనుగుల శిలాజాల ఆధారంగా కొన్ని జాతులు అంతరించాయని వాదించారు. మాస్ట్రిక్ట్ జంతువు ఆ వాదానికి కొత్త బలాన్నిచ్చింది. అది తెలిసిన ఏ బల్లికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఊపిరి పీల్చడానికి నీటిపైకి రాక తప్పనిది. అలాంటి జంతువు నేటి సముద్రాల్లో ఉండి ఉంటే నావికుల కంటపడకుండా ఉండటం కష్టం. అది లేదు అంటే, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేదు అని ఒప్పుకోవాలి. భూమికి ఒక గతం ఉందని, ఆ గతంలోని జీవలోకం నేటిదానికంటె వేరని అంగీకరించడంలో ఇది ఒక ముఖ్యమైన మెట్టు.

జంతువుకు శాస్త్రీయ నామం చాలా ఆలస్యంగా వచ్చింది. 1822లో ఇంగ్లండుకు చెందిన కోనీబేర్ దీనికి 'మోసాసారస్' అని పేరు పెట్టారు. మ్యూజ్ నది లాటిన్ పేరు 'మోసా'. 'సారస్' అంటే గ్రీకులో బల్లి. అంటే 'మ్యూజ్ నది బల్లి' అని అర్థం. 1829లో మాంటెల్ దీని జాతినామంగా హాఫ్మన్ పేరు చేర్చి 'మోసాసారస్ హాఫ్మన్నీ' అన్నారు. 'డైనోసార్' అన్న మాట పుట్టింది 1842లో. అంటే ఆ మాట పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే మోసాసారస్‌కు పేరుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I
1. మాస్ట్రిక్ట్ జంతువు మొసలి కాదనడానికి పీటర్ కాంపర్ చూపిన రెండు ఆధారాలు ఏవి?
2. 'మోసాసారస్' అనే పేరుకు అర్థం ఏమిటి?

9.4 వర్గీకరణ స్థానం

మోసాసారస్ సరీసృపాల విభాగంలో స్క్వామేటా క్రమానికి చెందుతుంది. బల్లులు, తొండలు, ఉడుములు, పాములు అన్నీ ఈ క్రమంలోనివే. దీని కుటుంబం మోసాసారిడే. ఈ కుటుంబంలో టైలోసారస్, ప్లాటెకార్పస్, ప్రోగ్నాతోడాన్, క్లిడాస్టిస్ మొదలైన ఇతర ప్రజాతులు కూడా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి 'మోసాసార్లు' అంటారు. కాబట్టి 'మోసాసార్' అన్నది సమూహం పేరు, 'మోసాసారస్' అన్నది అందులోని ఒక ప్రజాతి పేరు. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపివేయడం సాధారణంగా జరిగే పొరపాటు.

మోసాసార్లు స్క్వామేటా క్రమానికి చెందుతాయన్నది నిర్వివాదం. అవి ఉడుములకు మరింత దగ్గరా, పాములకు మరింత దగ్గరా అన్నది ఇంకా చర్చలో ఉంది.

శిలాజాల్లో ప్రజాతిని, జాతిని నిర్ణయించడం ఎంత చిక్కో ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలోని మిస్సోరి నది ప్రాంతంలో దొరికిన ఒక ముట్టె ముక్కను హార్లన్ 1834లో వర్ణించి, దాన్ని ఇక్తియోసారస్ అనే వేరే ప్రజాతిలో చేర్చారు. అదే ప్రాంతం నుంచి జర్మనీకి చేరిన ఒక అస్థిపంజరాన్ని గోల్డ్‌ఫస్ 1845లో మోసాసారస్‌గా గుర్తించి, దానికి కొత్త జాతినామం పెట్టారు. ఆ అస్థిపంజరానికి ముట్టె కొస లేదు. రెండూ ఒకే జంతువు ముక్కలని తరవాత తేలింది. ఒక్క జంతువు రెండు ఖండాల్లో రెండు పేర్లతో చలామణీ అయిందన్నమాట! ఇప్పుడు దాన్ని మోసాసారస్ మిస్సోరియెన్సిస్ అంటున్నారు.

పంతొమ్మిదో శతాబ్దంలో దొరికిన ముక్కలెన్నిటికో మోసాసారస్ పేరు తగిలించారు. ఇటీవలి పరిశోధకులు వాటిని వడపోసి, కొద్ది జాతులను మాత్రమే ఈ ప్రజాతిలో ఉంచారు. శిలాజాలు నెదర్లాండ్స్, బెల్జియం, రష్యా, మొరాకో, అమెరికా, కెనడా మొదలైన దేశాల్లో దొరికాయి. దీన్నిబట్టి ఇది అట్లాంటిక్‌కు రెండు వైపులా విస్తరించిన ప్రజాతి అని తెలుస్తుంది.

9.5 శరీర నిర్మాణం

9.5.1 దంతాలు, దవడలు

మోసాసారస్ దంతాలు పెద్దవి, కొద్దిగా వెనక్కి వంగినవి. ప్రతి దంతానికి ముందూ వెనకా రెండు పదునైన అంచులుంటాయి. ఆ అంచుల మీద సన్నని రంపపు పళ్ళ వంటి గాట్లుంటాయి. దంతం పక్కతలాలు చెక్కినట్లుగా పలకలు పలకలుగా ఉంటాయి. ఇలాంటి దంతం ఎరను పట్టి నిలపడానికీ, కండను కోయడానికీ పనికివస్తుంది. అరిగిన, విరిగిన దంతాల స్థానంలో కొత్తవి జీవితాంతం వస్తూనే ఉండేవి. పాత దంతం మూలం పక్కన గుంటలో కొత్త దంతం పెరుగుతున్న దశలు శిలాజాల్లో స్పష్టంగా కనిపిస్తాయి.

దవడ అంచుల మీద దంతాలు కాక, అంగిలి వెనక భాగంలోని టెరిగాయిడ్ ఎముకల మీద మరో రెండు వరసల చిన్న దంతాలుంటాయి. పాముల్లో కూడా ఇవి ఉంటాయి. పాము కప్పను మింగేటప్పుడు చూసినవారికి వీటి ఉపయోగం తెలుస్తుంది: ముందు పళ్ళు పట్టు వదిలినా లోపలి పళ్ళు ఎరను జారనీయవు, గొంతు వైపు లాగుతాయి. 'ఉడుంపట్టు' అని మనం వాడుకగా అంటాం. మోసాసారస్ పట్టు నోటి లోపల కూడా ఉండేది.

కింది దవడలో ప్రతి సగానికీ మధ్యలో ఒక కీలు ఉంటుంది. గడ్డం దగ్గర రెండు సగాలూ గట్టిగా అతుక్కోకుండా స్నాయువులతో కలిసి ఉంటాయి. అందువల్ల పెద్ద ఎరను మింగేటప్పుడు దవడ కొంత వెడల్పు కాగలదు. అయితే పుర్రె పైభాగం మాత్రం ఇతర మోసాసార్ల కన్నా మోసాసారస్ హాఫ్మన్నీలో దృఢంగా, కదలిక తక్కువగా ఉంటుంది. బలంగా కరవడానికి ఇది అనుకూలం.

9.5.2 గమనాంగాలు, తోక

నాలుగు కాళ్ళూ తెడ్లుగా మారాయి. చేతి, కాలి వేళ్ళలోని ఎముకల సంఖ్య నేలమీది బల్లుల కంటె పెరిగింది. వేళ్ళన్నీ ఒకే పలకలో ఇమిడిపోయాయి. తెడ్లు ప్రధానంగా దిశ మార్చుకోవడానికి ఉపయోగపడేవి. ముందుకు నెట్టే శక్తి తోక నుంచి వచ్చేది.

తోక విషయంలో మన అవగాహన ఇటీవల మారింది. పాత చిత్రాల్లో మోసాసార్లకు మొసలికున్నట్లు పొడవైన, చదునైన తోక గీసేవారు. వెన్నుపూసలను జాగ్రత్తగా పేర్చి చూస్తే తోక కొస కిందికి వంగుతున్నట్లు కనిపించింది. జోర్డాన్‌లో దొరికిన, 2013లో వర్ణించిన ఒక ప్రోగ్నాతోడాన్ శిలాజం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. దానిలో ఎముకల చుట్టూ తోక మృదుకణజాలపు ఆకారం కూడా నిలిచి ఉంది. తోకకు రెండు తమ్మెలున్నాయి. ఎముకలు కింది తమ్మెలోకి వెళ్తాయి. పై తమ్మెలో ఎముకలు లేవు. సొరచేపలో దీనికి సరిగ్గా తలకిందులు: వెన్నెముక పై తమ్మెలోకి వెళ్తుంది. ఇక్తియోసార్లనే మరో సముద్ర సరీసృపాల్లో కూడా మోసాసార్ల వంటి తోకే ఉంది. దగ్గరి బంధుత్వం లేని మూడు సమూహాల్లో ఒకే అవసరానికి ఒకే రకం అంగం ఏర్పడటం అభిసారి పరిణామానికి చక్కని ఉదాహరణ.

2013లో వర్ణించిన శిలాజం ప్రోగ్నాతోడాన్‌ది, మోసాసారస్‌ది కాదు. మోసాసారస్ తోక వెన్నుపూసల్లో కూడా అదే వంపు ఉన్నందువల్ల దానికీ తమ్మె ఉందని చెబుతున్నాం. ఇది బలమైన అనుమితి; కాని అనుమితే.

9.6 పరిమాణాన్ని అంచనా వేయడం

మోసాసారస్ హాఫ్మన్నీ పూర్తి అస్థిపంజరం లభ్యం కాలేదు. ఎక్కువగా దొరికేవి పుర్రె, దవడ భాగాలు. కాబట్టి మొత్తం పొడవును దవడ పొడవు నుంచి లెక్కకట్టాలి. దీనికి నిష్పత్తి కావాలి. ఆ నిష్పత్తి దగ్గరి జాతుల పూర్తి అస్థిపంజరాల నుంచి వస్తుంది.

రష్యాలోని పెన్జా నగరంలో 1927లో దొరికిన ఒక పెద్ద జంతువు కింది దవడ పూర్తిగా ఉంటే సుమారు 1.7 మీటర్లు ఉండేదని అంచనా. ఇప్పుడు రెండు విధాలుగా లెక్కవేద్దాం.

(అ) శరీరం దవడకు 10 రెట్లు అనుకుంటే: 1.7 × 10 = 17 మీటర్లు.
(ఆ) శరీరం దవడకు 7 రెట్లు అనుకుంటే: 1.7 × 7 = 11.9 మీటర్లు.

మొదటి నిష్పత్తి ఇరవయ్యో శతాబ్దంలో విస్తృతంగా వాడారు. అందుకే అనేక పుస్తకాల్లో 17 మీటర్లని కనిపిస్తుంది. మోసాసారస్ ప్రజాతిలోనే మెరుగ్గా దొరికిన అస్థిపంజరాలతో పోల్చినవారు రెండో నిష్పత్తికి దగ్గరగా వచ్చారు. దాని ప్రకారం 11 నుంచి 13 మీటర్లు, అంటే దాదాపు ఒక ఆర్టీసీ బస్సు పొడవు. ఎముక ఒక్కటే, కొలత ఒక్కటే. నిష్పత్తి మారేసరికి జంతువు అయిదు మీటర్లు తగ్గింది. ఎక్కడైనా ఒక అంతరించిన జంతువు పొడవు చదివినప్పుడు 'దేన్ని కొలిచారు? దేనితో గుణించారు?' అని అడగడం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II
3. టెరిగాయిడ్ దంతాల ఉపయోగం ఏమిటి?
4. ఒక మోసాసారస్ కింది దవడ 1.4 మీటర్లు. 10 రెట్లు, 7 రెట్లు నిష్పత్తులతో దాని పొడవు ఎంత?

9.7 జీవన విధానం

ఆహారం: అత్యంత బలమైన ఆధారం కడుపులోని పదార్థం. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో 2008లో దొరికిన ఒక మోసాసారస్ మిస్సోరియెన్సిస్ అస్థిపంజరం లోపల సుమారు ఒక మీటరు పొడవున్న చేప అవశేషాలు ముక్కలుగా కనిపించాయి. అంటే ఎరను ఉన్నదున్నట్లు మింగడమే కాక, ముక్కలు చేసి కూడా తినేది.

రెండో రకం ఆధారం ఎర మీది గాట్లు. అమోనైట్ల చిప్పల మీద వరసగా ఉన్న రంధ్రాలను చూసి 1960లో ఇవి మోసాసార్ల పంటిగాట్లని ప్రకటించారు. 1998లో జపాన్ పరిశోధకులు దీన్ని ప్రశ్నించారు. లింపెట్లనే నత్తల వంటి జీవులు చిప్పలకు అతుక్కొని చేసిన గుంటలే ఈ రంధ్రాలని వాదించారు. తరవాతి పరిశీలనల్లో కొన్ని చిప్పల మీద దవడ ఆకారానికి సరిపోయే గాట్లున్నాయని, అన్ని రంధ్రాలూ పంటిగాట్లు కావని తేలింది. ఒక పరికల్పన తప్పని తేలడం వేరు, దాని పరిధి కుదించుకుపోవడం వేరు. ఇక్కడ జరిగింది రెండోది.

శరీర ఉష్ణోగ్రత: దంతాల, ఎముకల ఖనిజంలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి శరీర ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం క్లిడాస్టిస్, ప్లాటెకార్పస్, టైలోసారస్ ఎముకలను పరీక్షించి, వాటి ఉష్ణోగ్రత 33 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండేదని, అదే సముద్రంలోని చేపల కన్నా ఎక్కువని చెప్పింది. మోసాసార్లు నేటి బల్లుల్లా పూర్తిగా శీతల రక్త జీవులు కాకపోవచ్చు. అయితే ఈ విధానం మీద చర్చ ముగియలేదు.

ప్రత్యుత్పత్తి: గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రావాలంటే అంత బరువైన, తెడ్లున్న జంతువుకు కష్టం. మోసాసార్ల ఆదిమ బంధువైన కార్సోసారస్ అస్థిపంజరంలో పిండాలు ఉన్నట్లు 2001లో వెల్లడైంది. 2015లో క్లిడాస్టిస్ శిశువుల ఎముకలను తీరానికి దూరమైన సముద్ర అవక్షేపాల్లో గుర్తించారు. వీటినిబట్టి మోసాసార్లు నీటిలోనే పిల్లలను కనేవని భావిస్తున్నారు. అయితే 2020లో అంటార్కిటికా నుంచి సుమారు 29 సెంటీమీటర్ల పొడవున్న మెత్తటి పెంకు గుడ్డు ఒకటి వెలుగులోకి వచ్చింది. అది పెద్ద మోసాసార్‌ది కావచ్చని కొందరి అభిప్రాయం. లోపల పిండం లేదు కనక ఈ గుడ్డు ఎవరిదో తేల్చలేదు.

మోసాసారస్ గురించి మనకు తెలిసినదాన్ని ఇప్పుడు మూడు వరసలుగా సర్దవచ్చు:

(అ) నేరుగా తెలిసినవి: దంతాలు, దవడ కీలు, తెడ్ల ఎముకలు, ఒక జంతువు చివరి ఆహారం.
(ఆ) బంధువుల నుంచి ఊహించినవి: తోక తమ్మె, నీటిలో పిల్లలను కనడం.
(ఇ) చర్చలో ఉన్నవి: కచ్చితమైన పొడవు, శరీర ఉష్ణోగ్రత, పాములతో బంధుత్వం.

9.8 విలుప్తం

మోసాసార్లు పైకి రావడానికి ముందే, సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రితానికి ఇక్తియోసార్లు అంతరించాయి. ఖాళీ అయిన స్థానంలో మోసాసార్లు వేగంగా విస్తరించాయి. మాస్ట్రిక్ట్ రాతి పొరల పేరుమీద క్రెటేషియస్ చివరి దశను 'మాస్ట్రిక్టియన్' అంటారు. ఆ దశ ముగిసింది 6.6 కోట్ల సంవత్సరాల క్రితం. దాంతోపాటే మోసాసార్లన్నీ అంతరించాయి.

1980లో ఆల్వారెజ్ తండ్రీకొడుకులు, వారి సహచరులు ఆ కాలపు సన్నని మట్టి పొరలో ఇరిడియం అసాధారణంగా ఎక్కువగా ఉందని చూపి, ఒక గ్రహశకలం భూమిని ఢీకొన్నదని ప్రతిపాదించారు. మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద పూడిపోయి ఉన్న విశాలమైన బిలం దీన్ని బలపరిచింది. దుమ్ము, మసి, గంధక వాయువులు సూర్యకాంతిని అడ్డుకున్నాయి. సముద్రపు పైపొరలోని వృక్షప్లవకాలు దెబ్బతిన్నాయి. వాటిని తినే సూక్ష్మజీవులు, వాటిని తినే చిన్న చేపలు, వాటిని తినే పెద్ద చేపలు వరసగా తగ్గాయి. ఆ గొలుసుకు చిట్టచివర ఉన్నది మోసాసారస్. పెద్ద శరీరానికి చాలా ఆహారం కావాలి. సంఖ్య మొదటే తక్కువ. ఆహారపు గొలుసు అడుగున దెబ్బ తగిలితే ముందుగా కూలేది కొసనున్న జీవే.

ఈ చివరి అంకంలో మన ప్రాంతానికి కూడా సంబంధం ఉంది. అదే కాలంలో దక్కన్ పీఠభూమిలో భారీ అగ్నిపర్వత విస్ఫోటనాలు జరిగాయి. ఆ లావా ప్రవాహాల్లో కొన్ని పడమటి నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు సాగి, రాజమహేంద్రవరం ప్రాంతానికి చేరి అప్పటి సముద్రతీరం వద్ద గడ్డకట్టాయి. అక్కడి రాతి క్వారీల్లో కింది లావా పొరకూ పై లావా పొరకూ మధ్య సముద్ర అవక్షేపాలు కనిపిస్తాయి. ఈ పొరల ప్రాముఖ్యం మోసాసారస్ ఎముకల వల్ల కాదు, ఇసుక రేణువంత ఉండే ఫొరామినిఫెరా చిప్పల వల్ల. గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కింది లావాకు వెంటనే పైనున్న అవక్షేపంలో విలుప్తం తరవాత కొత్తగా వచ్చిన ఫొరామినిఫెరా జాతులు ఉన్నాయి. అంటే ఆ లావా సరిగ్గా క్రెటేషియస్ ముగింపు సమీపంలో పారిందన్నమాట. విలుప్తంలో గ్రహశకలం పాత్ర ఎంత, దక్కన్ విస్ఫోటనాల పాత్ర ఎంత అన్న చర్చలో గోదావరి తీరపు రాళ్ళు ఈ విధంగా సాక్ష్యం పలుకుతున్నాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – III
5. ఆహారపు గొలుసు కొసనున్న జీవి త్వరగా అంతరించే ప్రమాదం ఎందుకు ఎక్కువ?
6. రాజమహేంద్రవరం ప్రాంతపు అవక్షేపాలు విలుప్తం అధ్యయనానికి ఎలా తోడ్పడ్డాయి?

9.9 సారాంశం

మోసాసారస్ క్రెటేషియస్ కాలం చివరి భాగంలో జీవించిన పెద్ద పరభక్షక సముద్ర సరీసృపం. ఇది డైనోసార్ కాదు. స్క్వామేటా క్రమానికి చెందుతుంది. మాస్ట్రిక్ట్ గనుల్లో దొరికిన దీని పుర్రెను మొదట మొసలి అని, తిమింగలం అని భావించారు. ఆడ్రియన్ కాంపర్, కువియర్ పరిశీలనలతో అది బల్లుల బంధువని తేలింది. జీవజాతులు పూర్తిగా అంతరించగలవన్న భావనకు ఇది బలం చేకూర్చింది. అంగిలి దంతాలు, దవడ మధ్య కీలు, తెడ్లు, కిందికి వంగిన తోక దీని ముఖ్య లక్షణాలు. పొడవు అంచనా మనం ఎంచుకొనే నిష్పత్తి మీద ఆధారపడుతుంది. 6.6 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు ఆహారపు గొలుసు దెబ్బతినడంతో ఇది అంతరించింది. కొత్త శిలాజం దొరికినప్పుడల్లా పాత చిత్రాన్ని సవరించుకోవడం పురాజీవశాస్త్రంలో లోపం కాదు, అదే దాని పద్ధతి.

9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. పుర్రె ఎముకల ఉపరితలం నున్నగా ఉండటం. దంతాల మూలాలు బోలుగా కాక గట్టిగా ఉండటం.
2. మ్యూజ్ నది బల్లి.
3. ఎర జారిపోకుండా పట్టి గొంతు వైపు లాగడం.
4. 14 మీటర్లు, 9.8 మీటర్లు.
5. పెద్ద శరీరానికి ఎక్కువ ఆహారం అవసరం, సంఖ్య తక్కువ, కింది స్థాయుల్లో కలిగిన నష్టమంతా చివరకు దానికి తగులుతుంది.
6. కింది లావా పొర మీది అవక్షేపంలోని ఫొరామినిఫెరా, ఆ లావా క్రెటేషియస్ ముగింపు సమీపంలో పారిందని చూపాయి.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. మాస్ట్రిక్ట్ శిలాజాన్ని గుర్తించడంలో వివిధ శాస్త్రజ్ఞుల అభిప్రాయాలను వివరించి, విలుప్త భావన అభివృద్ధిలో దాని పాత్రను చర్చించండి.
2. మోసాసారస్ శరీర నిర్మాణం దాని పరభక్షక జీవనానికి ఎలా అనుకూలించిందో వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. మోసాసార్ల తోకను గురించిన అవగాహన ఎలా మారింది?
2. అమోనైట్ చిప్పల మీది రంధ్రాలపై జరిగిన చర్చను తెలపండి.
3. మోసాసార్, మోసాసారస్ పదాల మధ్య భేదం రాయండి.

9.12 పదకోశం

అభిసారి పరిణామం: దగ్గరి బంధుత్వం లేని జీవుల్లో ఒకే రకమైన పరిస్థితుల వల్ల ఒకే రకమైన లక్షణాలు ఏర్పడటం.
అమోనైట్లు: చుట్టలు తిరిగిన చిప్ప గల, అంతరించిన సముద్ర మొలస్కా జీవులు.
అవక్షేపం: నీటి అడుగున పొరలుగా పేరుకున్న పదార్థం.
ప్రజాతి: దగ్గరి సంబంధం గల జాతుల సమూహం.
ఫొరామినిఫెరా: చిప్ప గల ఏకకణ జీవులు, రాతి పొరల వయస్సు నిర్ణయించడానికి ఉపయోగపడతాయి.
విలుప్తం: ఒక జాతికి చెందిన జీవులన్నీ నశించిపోవడం.
వృక్షప్లవకాలు: నీటి పైపొరల్లో తేలుతూ సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకొనే సూక్ష్మజీవులు.